హిమాలయాల్లో మంచు పడితే ఉదయగిరిలో బోరు ఊరుతుందా?

ఉత్తరం:

"అయ్యా, మాది ఉదయగిరి పక్కన చిన్న పల్లె. ఆరెకరాల మెట్ట, అందులో రెండెకరాలు బత్తాయి. ఇప్పటికి నాలుగు బోర్లు వేశాను, మూడు పోయాయి, నాలుగోది పొద్దున గంటన్నర బాగా పోసి ఆ తర్వాత ఆగి ఆగి పోస్తోంది. మావాడు కాలిఫోర్నియాలో, శాక్రమెంటోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ మూడేళ్ళు కరువని, ఇంటి ముందు గడ్డికి నీళ్ళు పోయడానికి కూడా రూల్సని చెప్పేవాడు. ఒక్క చలికాలం కొండల మీద మంచు దండిగా పడేసరికి డ్యాములు నిండిపోయి కరువు పోయిందంట. ఇక్కడ మా బావమరిది వాట్సాప్‌లో వచ్చింది చూపిస్తున్నాడు, ఈ ఏడు హిమాలయాల్లో మంచు బాగా పడింది, దేశంలో నదులన్నీ నిండుతాయి, భూగర్భ జలాలు పైకొస్తాయి అని. పాయింటు పెట్టే ఆయన చేతిలో కొబ్బరికాయ లేచి నిలబడింది, వెయ్యి అడుగులు పోతే మూడించుల నీళ్ళు గ్యారంటీ అన్నాడు. నాలుగు లక్షలు అప్పు తెచ్చి ఐదో బోరు వేసి, మిగతా నాలుగెకరాల్లో కూడా బత్తాయి పెడదామని ఉంది. మా ఇంటావిడ ససేమిరా అంటోంది. మీరేమంటారు?"

సమాధానం:

అన్నా, ముందు మీ ఇంటావిడకి నా నమస్కారం చెప్పండి. ఆమె మాటే నా మాట కూడా. బోరు వేయొద్దు, కనీసం ఈ ఏడు వేయొద్దు, కొత్త మొక్కలు అసలే పెట్టొద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, మధ్యలో వదిలేయకుండా చదవండి. ఎందుకంటే మీవాడు చెప్పింది అబద్ధం కాదు, బావమరిది చూపించిన దాంట్లో కూడా కొంచెం నిజం ఉంది. అయితే ఆ నిజం మీ పొలానికి పనికొచ్చేది కాదు.

అసలు తికమక మన మాటలోనే ఉంది. మనకు మంచు అంటే ఏంది? మార్గశిరంలో పొద్దున్నే బస్సు లైట్లు వేసుకుని వచ్చేట్టు కమ్ముకునేదీ మంచే, ఆకు మీద తడిగా నిలిచేదీ మంచే, సోడా కొట్లో గోనెసంచిలో చుట్టి పెట్టేదీ మంచుగడ్డే. నల్లరేగడి రైతుని అడిగితే "శనగ మంచుకే పండుద్ది" అంటాడు, అది కూడా నిజమే. మీవాడు చెప్పే మంచు ఇవేవీ కాదు. అది కొండ మీద మనిషి లోతుకి, ఒక్కోచోట ఇంటి ఎత్తుకి పేరుకుని, నెలల తరబడి కరక్కుండా కూర్చునే నీళ్ళ నిల్వ. మన భాషలో చెప్పాలంటే గట్టు లేని చెరువు.

కాలిఫోర్నియాలో వాన మనలాగా జూన్ నుంచి కాదు, చలికాలంలో పడుతుంది. ఎండాకాలం చుక్క రాలదు. మరి పైరుకి నీళ్ళు కావలసింది ఎండాకాలంలోనే కదా. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని పూడ్చేది సియెరా నెవాడా అనే కొండల వరస. పసిఫిక్ సముద్రం నుంచి వచ్చే తేమ గాలి ఆ కొండలకి తగిలి పైకెక్కి చల్లబడి మంచుగా రాలుతుంది, ఏప్రిల్ దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత ఎండకి మెల్లగా కరిగి ఏళ్ళలోకి, డ్యాముల్లోకి దిగుతుంది. ఆ రాష్ట్రం వాడే నీళ్ళలో దాదాపు 30 శాతం ఈ మంచు నుంచే వస్తుందని అక్కడి జలవనరుల శాఖ లెక్క. అందుకే ఏటా చలికాలంలో వాళ్ళు కొండ మీదకి వెళ్ళి, లోహపు గొట్టం మంచులోకి నేల తగిలేదాకా దించి, బయటికి తీసి తూకం వేస్తారు. లోతు ఒక్కటే చూస్తే సరిపోదు, తూకం ముఖ్యం. పొడిగా దూదిలా పడిన మంచు పది అంగుళాలు కరిగితే ఒక్క అంగుళం నీళ్ళే రావచ్చు.

2015 ఏప్రిల్ 1న అలా కొలవడానికి వెళ్తే ఫిలిప్స్ స్టేషన్ అనే చోట కొలవడానికి మంచే లేదు. గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండిపోయిన గడ్డిలో నిలబడి పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆర్డరు చదివాడు. రాష్ట్రం మొత్తం మీద ఆ రోజుకి మామూలుగా ఉండాల్సిన మంచులో 5 శాతమే ఉంది. అదే రాష్ట్రంలో 2023 ఏప్రిల్ మొదట్లో కొలిస్తే మామూలు కంటే రెండు రెట్లు దాటి 237 శాతం ఉంది. మీవాడు చెప్పిన చలికాలం అదే అయి ఉంటుంది. డ్యాములు నిండాయి నిజమే. నిండడమే కాదు, ఎప్పుడో ఎండగట్టి పొలాలు చేసుకున్న తులారే అనే సరస్సు మళ్ళీ తిరిగొచ్చి పత్తి పొలాలూ టమాటా పొలాలూ ముంచేసింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, తన పాత పల్లం ఎక్కడుందో దానికి గుర్తుంది.

అయితే మీవాడు చెప్పని ముక్కలు రెండున్నాయి (చెప్పలేదని కోప్పడకండి, ఫోన్లో ఎంతని చెప్తాడు).

ఒకటి, మంచు పడింది కదా అని తొందరపడితే అక్కడ కూడా బోర్లా పడ్డారు. 2021 డిసెంబరులో సియెరాలో రికార్డు స్థాయిలో మంచు పడింది, నెలాఖరుకి ఆ రోజుల్లో ఉండాల్సిన దాని కంటే ఒకటిన్నర రెట్లు ఉంది. జనం కరువు పోయిందనుకున్నారు. ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరి, మార్చి ఎండకట్టేశాయి, ఏప్రిల్ 1 నాటికి కొలిస్తే 38 శాతం మిగిలింది. అంతకు ముందు ఏడు ఇంకో రకం దెబ్బ. మంచు మామూలు కంటే తక్కువే, అయినా ఆ మంచుకి తగ్గట్టు కూడా డ్యాములకి నీళ్ళు రాలేదు, ఎందుకంటే కరిగిన నీళ్ళని దారిలో ఎండి బీటలిచ్చిన నేలే తాగేసింది. ఇది మీకు కొత్తగా చెప్పాలా? మొదటి వానకి మన చెరువులోకి ఒక్క బిందె కూడా రాదు కదా, నేల దాహం తీరాకే కదా వాగు కదిలేది.

రెండోది మీకు ఇంకా ముఖ్యం. అంత మంచు పడిన ఏడు కూడా వాళ్ళ డ్యాములు నిండాయి గానీ బోర్లు నిండలేదు. అక్కడ శాన్ వోకిన్ లోయలో వందేళ్ళుగా బోర్లతో తోడిన తోడుడికి మెండోటా దగ్గర నేల 1925 నుంచి 1977 లోపల దాదాపు 28 అడుగులు కుంగిపోయింది. మూడంతస్తుల మేడ ఎత్తు అనుకోండి. అలా కుంగి నొక్కుకుపోయిన బంకమట్టి పొరలు మళ్ళీ ఎన్ని నీళ్ళు పోసినా ముందులా ఉబ్బవు. చివరికి 2014లో, తోడిందీ ఊరిందీ సరిపెట్టుకోవాలని చట్టం చేసుకున్నారు, దాని అమలుకి 2040ల దాకా గడువు పెట్టుకున్నారు. పైన కనిపించే కరువు ఒక్క చలికాలంలో పోవచ్చు, నేల కింది కరువు అలా పోదు. మీ ఐదో బోరు కూడా ఆ కింది నీళ్ళ కోసమే కదా.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. హిమాలయాల మంచు సింధుకి, గంగకి, బ్రహ్మపుత్రకి. అందులోనూ సింధుకి దాని మీద ఆధారం ఎక్కువ, గంగకి వాన నీళ్ళే ఎక్కువ. వింధ్యకి ఈవల ఒక్క నదికి కూడా మంచు నీళ్ళు రావు. మన పెన్నమ్మ పుట్టింది కర్ణాటకలో నంది కొండల్లో, 597 కిలోమీటర్లు ఎక్కువగా వానలు తక్కువ పడే సీమ మీదుగా నడిచి మన జిల్లాకొస్తుంది. మీ వైపు వాగులు, బొగ్గేరు లాంటివి, వెలిగొండల మీద పడిన వానకి కదులుతాయి. ఉదయగిరి కొండ మూడు వేల అడుగులు దాటినా దాని మీద పేరుకునేది పొద్దున పూట పొగమంచే, ఎనిమిదింటికల్లా ఎగిరిపోతుంది.

దూరపు కొండలతో మనకు ఏ సంబంధమూ లేదా అంటే ఉంది, అది హిమాలయాలతో కాదు, సహ్యాద్రితో. కృష్ణ మహాబలేశ్వరంలో పుడుతుంది. అక్కడ ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, అదీ ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు లోపల. ఆ నీళ్ళు శ్రీశైలం చేరి, పోతిరెడ్డిపాడు దగ్గర మళ్ళి, తెలుగుగంగ కాలువల మీదుగా సోమశిలకి, అక్కడి నుంచి కండలేరుకి, ఇంకా మిగిలితే చెన్నైకి పోతాయి. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు పట్టే జలాశయాలు. కాబట్టి బావమరిదికి ఫార్వర్డు చేయడానికి ఏదో ఒకటి కావాలంటే జులైలో మహాబలేశ్వరం వాన లెక్క, శ్రీశైలం నీటిమట్టం చూసుకోమనండి, కోవూరు వైపు వరి వేసే వాళ్ళకి అది పనికొస్తుంది. మీకు మాత్రం అది కూడా నేరుగా పనికిరాదు. నీళ్ళు పల్లానికి పోతాయి, మీరు ఎగువన ఉన్నారు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు మీ వైపు కూడా రావాలని 1996లో శంకుస్థాపన చేశారు. ఆ నీళ్ళు వస్తే నా కంటే సంతోషించేవాడు ఉండడు. వచ్చే రోజుని ఇప్పుడే లెక్కలో వేసుకుని మొక్క నాటొద్దు, అంతే.

వాట్సాప్‌లో వచ్చిందాంట్లో తమాషా ఏందంటే, పాత రోజుల్లో ఆ మాటకి సరిగ్గా తలకిందుల మాట చెప్పేవారు. 1876 నుంచి 78 దాకా మనల్ని ఊడ్చేసిన కరువు ఉంది కదా, ధాత కరువు అని మన తాతలు చెప్పుకునేది, ఆ తర్వాత వానల్ని ముందే పసిగట్టే దారి ఏదైనా ఉందా అని సర్కారు అడగడం మొదలుపెట్టింది. అప్పటి వాతావరణ శాఖ పెద్ద హెన్రీ బ్లాన్‌ఫర్డ్ లెక్కలు తిరగేసి, హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిన ఏడు తర్వాత వచ్చే నైరుతి వానలు తగ్గుతున్నాయని 1884లో రాశాడు. దాని ఆధారంగానే 1886 నుంచి ఏటా వానల అంచనా చెప్పడం మొదలైంది. అంటే మన దేశంలో వాన జోస్యం మొదలైందే "మంచు ఎక్కువైతే వాన తక్కువ" అనే మాటతో.

కారణం కూడా అర్థమయ్యేదే. తెల్లటి మంచు ఎండని తిప్పికొడుతుంది, మిగిలిన ఎండలో కొంత ఆ మంచుని కరిగించడానికే ఖర్చయిపోతుంది, నేల కాగడం ఆలస్యమవుతుంది. ఉత్తరాన నేల బాగా కాగితేనే కదా సముద్రం మీది తేమగాలి అటు గుంజుకుని వచ్చేది. పొయ్యి మండకపోతే పొంగు రాదు. అయితే ఆ తర్వాత వందేళ్ళకు పైగా చూసినవాళ్ళు తేల్చింది, ఈ సంబంధం ఉన్నా గట్టిది కాదు, కొన్నేళ్ళు కుదిరి కొన్నేళ్ళు తప్పుతుంది, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో దాని కంటే పెద్ద చెయ్యి అని.

అదైనా మన జిల్లాకి సూటిగా పనికొస్తుందా అంటే, ఇక్కడ ఇంకో మెలిక. దేశమంతా జూన్ వాన కోసం చూస్తే మనం అక్టోబరు వాన కోసం చూస్తాం. నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లో, వాయుగుండాలతో వస్తుంది. ఎల్ నినో ఏడు నైరుతి దెబ్బతిన్నా ఈశాన్యం మనకు బాగా పడే అవకాశం ఎక్కువ. 2015 గుర్తుందా? దేశంలో కరువు, మనకు మాత్రం నవంబరులో రోడ్లు తెగిపోయేంత వాన. కాబట్టి హిమాలయాల్లో మంచు ఎక్కువ పడిందని సంతోషించాల్సిన పనీ లేదు, తక్కువ పడిందని దిగులు పడాల్సిన పనీ లేదు. 2024 నవంబరు నుంచి 2025 మార్చి దాకా ఆ కొండల్లో మంచు నిలిచింది మామూలు కంటే 23.6 శాతం తక్కువ, 23 ఏళ్ళలో అదే కనిష్ఠమని అక్కడి నదుల మీద పనిచేసే ఇసిమోడ్ సంస్థ చెప్పింది. ఆ వార్త మీ ఊరి గ్రూపుల్లోకి వచ్చి ఉండదు. మంచి వార్త అయితేనే తిరుగుతుంది.

మరి మన మంచు ఏది? కొండ మీద గడ్డకట్టి ఆగే నీళ్ళు మనకు లేవు, పడింది పడ్డట్టు పరిగెత్తే నీళ్ళే ఉన్నాయి. 2021 నవంబరులో పెన్న పొంగింది మీరు చూసే ఉంటారు, సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఐదు లక్షల క్యూసెక్కులు ఒక్క రోజు పారితే 43 టీఎంసీలు, అంటే సోమశిలలో సగానికి పైన. అదంతా సముద్రంలోకే. కాలిఫోర్నియా వాడికి కొండ చేసే పని, అంటే వాన రోజున వచ్చిన దాన్ని పట్టి ఉంచి ఎండ రోజున మెల్లగా వదలడం, మనకు చెరువు చేయాలి. అనంతసాగరం చెరువు, అటు కంభం చెరువు కట్టించిన కాలం వాళ్ళకి సియెరా సంగతి తెలీదు, కానీ లెక్క తెలుసు.

మీ ఊరి చెరువు సంగతి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. అదే నాకు టెన్షన్‌గా ఉంది. చెరువులో నీళ్ళుంటే దాని కింద బావులూ బోర్లూ ఊరతాయని చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషే కదా మీరు! సప్లై కాలువ బతికుందా, ఎవరైనా కలిపేసుకున్నారా, తూముకి తలుపుందా, కలుజు దగ్గర రాళ్ళు లేచిపోయాయా, ఒకసారి నడిచి చూడండి. ఒక్కరే వద్దు, నలుగురు రైతుల్ని తీసుకుని వెళ్ళండి. ఒక్కరే వెళితే గొడవ, నలుగురు వెళితే పంచాయతీ. ఉపాధి హామీలో పూడికతీత పని పెట్టమని గ్రామసభలో రాతపూర్వకంగా అడగండి. అప్పు తెచ్చే నాలుగు లక్షలతో మీ ఒక్కరికి ఒక బొక్క వస్తుంది, ఆ కాలువ బాగైతే ఊళ్ళో ముప్పై బోర్లు ఊరతాయి.

ఇక వెయ్యి అడుగుల మాట. మా ఊరు కలిగిరి వైపు, మాదీ మెట్టే. మా నాన్న మూడు బోర్లు వేశాడు. మూడోది 600 అడుగులు, వేసిన రోజు నీళ్ళు ఎగజిమ్మితే వీధంతా పాయసం పంచాం, ఆ వేసవి దాటి ఇంకో వేసవికి దుమ్ము వచ్చింది. బండి ఆయన డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు, పాయింటు ఆయన "మీ జాతకం" అన్నాడు. తర్వాత తెలుసుకున్నదేందంటే, మన కింద ఉండేది గట్టి రాయి. నీళ్ళు నిలిచేది పైన చిల్లులు పడిన మెత్తటి పొరలో, దాని కింద రాతి పగుళ్ళలో. లోతుకి పోయే కొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, ఉన్న పగులు బిగుసుకుపోతుంది. అక్కడ తగిలేది ఎప్పుడో ఇంకి ఆగిపోయిన పాత నీళ్ళు. ఒకసారి తోడేస్తే మళ్ళీ చేరడానికి ఏళ్ళు పడుతుంది. వేసిన రోజు పొంగు చూసి నమ్మడం అంటే ముంత గుమ్మరించి ఏరు అనుకోవడం. లోతు నీళ్ళతో ఫ్లోరైడు భయం ఒకటి, కనిగిరి వైపు ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళం కదా మనం. ఇప్పుడున్న బోరు నీళ్ళు ఇంట్లో తాగుతుంటే ముందు టెస్టు చేయించండి. కొబ్బరికాయ సంగతి వేరే చెప్పాలా, పచ్చడికి బాగుంటుంది.

లెక్క చూద్దాం. ఆరు మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకి 110 చెట్లు, నాలుగెకరాలకి 440. కాపుకొచ్చిన బత్తాయి చెట్టుకి వేసవిలో రోజుకి డ్రిప్పుతో అయినా సుమారు 100 లీటర్లు వేసుకోండి, 44 వేల లీటర్లు. ఇది కొత్తవాటికి మాత్రమే, ఉన్న రెండెకరాలకి ఇంకో 22 వేలు. సెకనుకి ఒక లీటరు పోసే బోరు తొమ్మిది గంటలు ఆగకుండా తిరిగినా 32 వేల లీటర్లే. మీది గంటన్నరకే ఆగి ఆగి పోస్తోంది. మొక్క పెట్టిన నాలుగైదేళ్ళకి గానీ కాపు రాదు, ఈలోపు నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుంటే నాలుగు లక్షలకి నెలకి ఎనిమిది వేలు, ఏడాదికి 96 వేలు. బోరు ఎండినా వడ్డీ ఎండదు అన్నా.

చేయాల్సింది ఏందంటే, ముందు ఉన్న రెండెకరాల్ని కాపాడుకోండి. డ్రిప్పు లేకపోతే సబ్సిడీకి దరఖాస్తు పెట్టండి, ఉంటే లీకులు సరిచేయండి. పాదుల్లో వేరుశనగ పొట్టో ఎండాకో మందంగా కప్పండి, ఈ ఏడు చెట్టు మీద కాయ భారం తగ్గించండి, ఎండుపుల్ల తీసేయండి. గంటన్నర తర్వాత మోటారు ఆగి ఆగి పోస్తుంటే అలాగే తిప్పొద్దు, కాలిపోతుంది. పొద్దున ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట తిప్పి చూడండి, మధ్యలో ఊరనివ్వండి.

చచ్చిపోయిన మూడు బోర్లలో వాలు మీద ఉన్నదాన్ని ఒకదాన్ని ఎంచుకుని దాని చుట్టూ రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు గుంత తీయించండి. కేసింగుకి చిల్లులు కొట్టి నైలాను మెష్ చుట్టి, అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక పోయించండి. పొలంలో పారే వాన నీళ్ళు దాంట్లోకి మళ్ళించండి, కానీ నేరుగా కాదు, ముందు ఒక చిన్న గుంతలో ఒండ్రు తేరుకోవాలి, లేకపోతే రెండేళ్ళలో పూడిపోతుంది. మందు కొట్టిన నీళ్ళు, పశువుల కొట్టం నీళ్ళు మాత్రం అటు పోనివ్వొద్దు, అవి నేరుగా కింది నీళ్ళలో కలుస్తాయి.

ఖాళీగా ఉన్న నాలుగెకరాల్లో పల్లపు మూలన సేద్యపు కుంట తవ్వించండి. ఒక ఎకరంలో ఒక అంగుళం వాన పడితే లక్ష లీటర్లకి పైన. పది మీటర్లు పొడుగు, పది వెడల్పు, రెండు మీటర్ల లోతు కుంట రెండు లక్షల లీటర్ల దాకా పడుతుంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాలకి అది ఎన్నిసార్లు నిండి ఇంకితే అన్నిసార్లు మీ బోరుకి భోజనం. మిగతా నేలలో కంది, నువ్వులు లాంటివి వాన మీద వేసుకోండి, లాభం పెద్దగా రాదు, నేనేం దాచడం లేదు, కానీ అప్పు ఉండదు.

ఇదంతా చేశాక కూడా బోరే కావాలనిపిస్తే అడ్డు చెప్పను, కానీ భూగర్భ జల శాఖ వాళ్ళతో సర్వే చేయించుకుని, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ తీసుకుని వేయండి. మీ ఊరు తోడకం మరీ ఎక్కువైన ఊళ్ళ జాబితాలో ఉంటే అసలు పర్మిషనే రాకపోవచ్చు. దాంతోనే మీకు జవాబు దొరికినట్టు.

మీవాడిని డబ్బు అడగాల్సి వస్తే బోరుకి అడగొద్దు, కుంటకి అడగండి. వాడు మంచు తూకం వేసే రాష్ట్రంలో ఉన్నాడు, నిల్వ సంగతి వాడికి తొందరగా ఎక్కుతుంది. మీరూ ఒక కొలత మొదలుపెట్టండి. ప్రతి అమావాస్య రోజు పొద్దున మోటారు వేయకముందు, సన్న తాడుకి రాయి కట్టి, పైపుకీ వైరుకీ చుట్టుకోకుండా మెల్లగా బోర్లోకి దించి, తడి ఎక్కడ తగిలిందో అడుగుల్లో రాసిపెట్టండి. తర్వాత మోటారు వేసి 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్లో చూసి అది కూడా రాయండి. ఈ వేసవిలో మూడు అమావాస్యలవి, వానలు పడ్డాక కార్తీకంలో ఒకటి, పుష్యంలో ఒకటి, మొత్తం ఐదు కొలతలు. ఆ కాగితం ఫొటో తీసి పంపండి, చెరువు కాలువ ఫొటోతో పాటు. ఐదో బోరు సంగతి అప్పుడు మాట్లాడదాం.